చేపకి, కనెక్టికట్ నుంచి

9 ఆగస్టు 2015, ఆదివారం

ఒరేయ్ చేపా,

జూన్ 28న క్రిస్ స్క్వైర్ గురించి నువ్వు "పోయాడ్రా" అని ఒక్క మాట మెసేజ్ పెట్టావు. నేను జవాబివ్వలేదు. పెద్ద కారణం ఏమీ లేదు. ఏం రాసినా తక్కువే అనిపించింది, తర్వాత ఆఫీసు, ఆ తర్వాత ఉత్త బద్ధకం. తిట్టాలనుంటే ఇక్కడే ఆగి తిట్టేసి, తర్వాత చదువు.

ఇంట్లో అందరం బాగున్నాం. గ్రీన్ కార్డు ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. పాపకి ముందు పళ్ళు రెండూ ఊడాయి. అమ్మ మోకాలు కాస్త నయం. అంతే వార్తలు.

అసలు సంగతికొస్తా. మొన్న శుక్రవారం మన రాక్ బ్యాండు యెస్ వాళ్ళ షోకి వెళ్ళాను. బేస్ గిటారు వాయించే స్క్వైర్ లేకుండా వాళ్ళు వాయించిన మొట్టమొదటి షో! 1968లో బ్యాండు పుట్టిన దగ్గర్నుంచి ఆయన లేని కచేరీయే లేదురా. పాడేవాళ్ళు మారారు, డ్రమ్స్ వాళ్ళు మారారు, కీబోర్డు దగ్గరైతే అదొక బస్టాండు. ప్రతి ఆల్బమ్ మీదా ఉన్నది ఈయనొక్కడే. అలాంటిది, ఆ షో మా ఇంటికి గంట దూరంలో, మషంటకెట్‌లో పెట్టారు. అదీ కాసినో లోపలున్న హాల్లో. ఒక మనిషిని తలుచుకోవడానికి వెళ్తూ, టింగుటింగుమనే జూదం మెషీన్ల మధ్యలోంచి నడవాలి. మన కాకినాడ హాస్టల్లో రాత్రి పన్నెండింటికి పేకాట బ్యాచ్‌ని దాటుకుని టేప్ రికార్డర్ దగ్గరికి పోయినట్టే ఉంది.

లైట్లు ఆర్పేశారు. స్టేజీ మధ్యలో స్టాండు మీద ఆయన బేస్ గిటారు, తెల్ల రికెన్‌బ్యాకర్. (సరే, రిక్షాబ్యాకర్. సంతోషమా?) దాని మీద ఒక్క లైటు. పక్కన ఎవరూ లేరు. ఆయన రాసిన 'ఆన్‌వర్డ్' రికార్డు వేసి, వెనక ఆయన ఫోటోలు చూపించారు. పాట అయ్యేదాకా జనం నిలబడే ఉన్నారు. నేను ఏడవలేదు. అంటే... సరే వదిలెయ్.

నా పక్కన డెబ్భై ఏళ్ళ ముసలాయన, కొడుకుని తోడు తెచ్చుకున్నాడు. డెబ్భైల నుంచి వీళ్ళ షోలు చూస్తున్నాట్ట. గొంతు సవరించుకుని, "ఆయన్ని చేప అని ఎందుకనేవాళ్ళో తెలుసా?" అని అడిగాడు. కుర్రప్పుడు బ్యాండు వాళ్ళందరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు కదా, ఈయన స్నానానికి దూరితే బయటికొచ్చేవాడు కాదని చెబుతుంటే నాకు నవ్వాగలేదు. బకెట్లు పట్టుకుని పద్నాలుగు మంది, లోపల నువ్వు, తలుపు మీద వార్డెన్ గుద్దులు! ఆయనకి మొత్తం చెప్పేశాను. కాబట్టి కనెక్టికట్‌లో ఒక పెద్దాయనకి నీ బాత్రూం చరిత్ర తెలుసిప్పుడు. "మీ వాడూ బేసేనా?" అన్నాడు. కాదండీ, డాబా మీద చీపురు పుల్లతో వాయించేవాడు, అన్నాను.

ఆ రోజు వాయించింది బిల్లీ షెర్వుడ్. తన జబ్బు బయటపడ్డాక స్క్వైరే అతన్ని అడిగి తన చోట నిలబెట్టాడు. మేలో లుకేమియా అన్నారు, జూన్ 27న ఫీనిక్స్‌లో పోయాడు. 67 ఏళ్ళు, అంతే. షెర్వుడ్ బాగా వాయించాడు. నిజంగా బాగా. ఆ ముక్కు చీదినట్టుండే గరుకు మోత కూడా చాలావరకు వచ్చింది. నీకు గుర్తుందా, గిటారు ఒకటే కదా, ఇద్దరు వాయిస్తున్నట్టు ఎందుకుంటుందని పోట్లాడుకునేవాళ్ళం? ఆ గిటారుకి స్టీరియో అవుట్‌పుట్ ఉంది. బొంగురు సగం బేస్ ఆంప్‌లోకి, పదును సగం మామూలు గిటారు ఆంప్‌లోకి పంపి, ఆ మోతని కావాలని పగిలినట్టు చేసేవాడు. మీ మావయ్య సింగపూర్ నుంచి తెచ్చిన ఆ టీడీకే క్యాసెట్ అరిగిపోయి అలా వస్తోందని నువ్వన్నావు చూడు! ఇరవై ఏళ్ళయినా చెబుతున్నా, క్యాసెట్ తప్పేం లేదు.

ఆ టూర్లో తోడొచ్చింది టోటో. వాళ్ళ మైక్ పొర్కారో కూడా ఈ మార్చిలోనే పోయాడు. ఒకే టూరు, రెండు బ్యాండ్లు, ఇద్దరు బేస్ వాళ్ళూ లేరు.

చూడు, ఇదంతా చెప్పడానికి కాదు మొదలుపెట్టింది. షెర్వుడ్ వాయిస్తుంటే నాకు 2002 ఎస్సార్ నగర్ గది గుర్తొచ్చింది. ద హూ బ్యాండు బేస్ వాడు, మీ జాన్ ఎంట్విసిల్ పోయాడని నువ్వు పేపరు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డావు. టూరు మొదలయ్యే ముందురోజు, లాస్ వెగాస్ హోటల్ గదిలో. నేను ఇడ్లీ తింటూ, "ఇంకొకణ్ణి తెచ్చుకుంటార్లే" అన్నాను. తెచ్చుకున్నారు కూడా, జులై 1కే పీనో పల్లాడీనోతో వాయించేశారు. నేనే గెలిచినట్టు అది కూడా నీకు చెప్పాను. నువ్వు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నీకు పిచ్చి అనుకున్నాను.

నిన్న రాత్రి నిద్ర పట్టక తేదీలు చూశాను. ఎంట్విసిల్ పోయింది జూన్ 27. స్క్వైర్ పోయింది జూన్ 27. పదమూడేళ్ళ తేడా, అదే తేదీ. నువ్వు గమనించే ఉంటావు. అందుకేనా ఒక్క మాటతో సరిపెట్టావు? నా వంతొచ్చిందని నీకు తెలిసి కూడా "ఇంకొకణ్ణి తెచ్చుకుంటార్లే" అనలేదు. అనుంటే నేను...

ఇంకోటి, ఇది నీకిష్టం లేకపోయినా ఒప్పుకుంటున్నా, కాదు నీకిష్టమే: మా వాడు ఎవర్ని చూసి నేర్చుకున్నాడో తెలుసా? మీ వాణ్ణే. ఎంట్విసిల్ అంటే స్క్వైర్‌కి గురి. నాలుగేళ్ళు రాత్రంతా కొట్టుకున్నాం కదరా, ఎవడు గొప్పని! కుర్రాడిగా లండన్‌లో వాయిద్యాల షాపులో పనిచేస్తూ, ఉద్యోగులకిచ్చే తగ్గింపులో ఆ రికెన్‌బ్యాకర్ కొనుక్కున్నాడట. ఆ గిటారే... ఆగు, దీని గురించి ఇంకా

పాపని తెలుగు క్లాసు నుంచి తెచ్చే టైమైంది, హారన్ కొడుతున్నారు. మిగతాది ఫోన్లో. ఇడ్లీ విషయంలో సారీ రా.

నీ
రిక్షా