తుప్పు తీయమంటే రంగు వేసి పంపారు

సేవా విభాగం మేనేజరు గారికి,

విషయం: 1971 నాటి ఎం.జి.బి. అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు హీటర్ భాగాలు పాడైనందుకు ఫిర్యాదు, డబ్బు వాపసు కోసం వినతి

అయ్యా,

ఫోనులో మాట్లాడినప్పుడు మీరూ తెలుగువారేనని తెలిసింది. అందుకే తెలుగులో రాస్తున్నాను. నా కోపం ఇంగ్లీషులో రాస్తే మరీ మర్యాదగా తయారవుతుంది.

సెప్టెంబరు 12న నేను మీకు అయిదు భాగాలు పంపాను: హీటర్ పెట్టె, దాని మూత, లోపల గాలిని మళ్లించే రేకు తలుపు, ఫ్యాను తొడుగు, మేట్రిక్స్ అనే చిన్న రేడియేటర్. ఈ పెట్టె ఇంజను వెనక గోడకు బిగించి ఉంటుంది. దాన్ని బయటికి తీయడం ఎంత పనో పాత ఎం.జి.బి. ఉన్న ఎవరినైనా అడగండి. అద్దం మీదికి వేడిగాలి పంపే గొట్టాలను ఊడదీయడానికి నా చెయ్యి పట్టక మా అమ్మాయిని బతిమాలుకోవలసి వచ్చింది. శని, ఆదివారాలు రెండూ దానికే సరిపోయాయి.

తుప్పు ఎక్కడుందో మీకు స్పష్టంగా రాశాను. ముందు అద్దం కింది జాలీలోంచి వాననీళ్లు, ఆకులు లోపలికి పడతాయి. నీళ్లు దిగిపోవలసిన రబ్బరు గొట్టం పూడుకుపోతే అవి అక్కడే నిలుస్తాయి. పెట్టె చుట్టూ ఉన్న నురుగు పట్టీ స్పాంజిలా ఆ తడిని పట్టి ఉంచుతుంది. అందుకే తుప్పంతా అడుగున, రేకుల అతుకుల మధ్య చేరింది. బ్లాస్టింగ్ (ఇసుకలాంటి రవ్వను గాలి ఒత్తిడితో కొట్టి తుప్పు రాల్చడం) వద్దన్నాను, రేకు పలచన కనుక. నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, సోడా నీళ్లతో కడిగి, అతుకుల్లో తడి లేకుండా ఆరబెట్టి, ఆ వెంటనే ప్రైమరు, దాని మీద మెరుపు తక్కువ ఉన్న నల్లరంగు వేయమన్నాను. మేట్రిక్స్‌ను వేడి చేయవద్దని ఎర్ర సిరాతో రాసిన చీటీ దానికే కట్టి పంపాను.

ఏడు వారాల తరువాత పెట్టె వచ్చింది. కొత్త పియానోలా మెరుస్తోంది. నిజం చెప్పాలంటే మొదటి అయిదు నిమిషాలు సంతోషించాను. తరువాత అడుగు అతుకులో సన్నని స్క్రూడ్రైవరు పెట్టి గీరితే రంగు పెచ్చుగా లేచి, దాని కింద ఎర్రటి తుప్పు పొడి రాలింది. పైన పటారం, లోన లొటారం. మూత మధ్యలో ఉబ్బింది. పెట్టె మీద పెడితే ఒక మూల లేచే ఉంటోంది. పలచని రేకును బ్లాస్టింగ్‌తో గట్టిగా కొడితే అలాగే వంగుతుంది. తలుపు ఇరుసు తిరిగే రంధ్రంలో మందంగా రంగు పట్టేసి, తలుపు సగంలోనే ఆగిపోతోంది. మూతను పట్టి ఉంచే స్ప్రింగు క్లిప్పులు రెండు తక్కువ వచ్చాయి.

వీటన్నిటికన్నా బాధ కలిగించింది మేట్రిక్స్. మీ బిల్లులో ‘పౌడర్ కోటింగ్, 5 భాగాలు’ అని ఉంది. నేను పంపినవే అయిదు. పౌడర్ కోటింగ్ అంటే రంగు పొడి చల్లి పొయ్యిలో కాల్చడమే కనుక, దాన్ని కూడా పొయ్యిలో పెట్టారన్నమాట. దాని రెక్కల మధ్య నల్లపొడి కరిగి అంటుకుపోయి ఉంది కూడా. ఆ పొయ్యి వేడి సుమారు 200 డిగ్రీల సెల్సియస్. మేట్రిక్స్ గొట్టాలను అతికించే, తగరం, సీసం కలిపిన టంకం 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది. నీళ్లు నింపి చూస్తే రెండు గొట్టాల మొదట్లోనూ ధార కట్టింది. పంపేముందు నేనే నీళ్లు పోసి చూశాను, అప్పుడు చుక్క కూడా కారలేదు.

‘ఆ కారుకు హీటర్ ఉన్నా లేనట్టే కదండీ’ అని మీ ఉద్యోగి ఒకరు ఫోనులో నవ్వారు. 1962లో ఎం.జి.బి. వచ్చిన కొత్తలో హీటర్‌కు అదనంగా డబ్బు కట్టవలసి వచ్చేదన్న మాట నిజమే. అయినా జనవరి ఉదయం పైకప్పు దించి ఆక్స్‌ఫర్డ్ నుంచి ఈ కారు పుట్టిన అబింగ్డన్ దాకా వెళ్లి రమ్మనండి, అప్పుడు నవ్వు వస్తుందేమో చూద్దాం.

2015 నాటి బ్రిటన్ వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం మీరు ఈ పనిని తగిన శ్రద్ధతో, నైపుణ్యంతో చేసి ఉండాలి. లేకపోతే పనిని మళ్లీ చేయించుకోవచ్చు, లేదా ధర తగ్గించమని అడగవచ్చు. వంగిన రేకు, కరిగిన టంకం మళ్లీ చేస్తే బాగుపడేవి కావు, పైగా వాటిని మరోసారి మీ చేతికివ్వడానికి నాకు ధైర్యం లేదు. కాబట్టి నేను చెల్లించిన 165 పౌండ్లు పూర్తిగా తిరిగి ఇవ్వండి. కొత్త మేట్రిక్స్ ఖర్చు భరించండి. ఆ రెండు క్లిప్పులు మీ బల్ల కింద ఎక్కడో పడి ఉంటాయి, వెతికి పంపండి.

ఫోటోలు, మీ బిల్లు నకలు, నా ఎర్ర సిరా చీటీ నకలు జతచేశాను. 14 రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే చిన్న మొత్తాల దావా వేస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు