లేజర్ ప్యాకేజీకి ముందు రక్తపరీక్ష

సంపాదకులకు నమస్కారం.

అవాంఛిత రోమాలకు శాశ్వత పరిష్కారం అంటూ ఆదివారం అనుబంధంలో వచ్చే లేజర్ ప్రకటనల గురించి ఈ ఉత్తరం. మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉండే తెలుగమ్మాయిలు ముందు ప్యాకేజీ డబ్బు కట్టేస్తున్నారు. ఏడాది తిరక్కుండా గడ్డం మీద మళ్లీ మొలిస్తే అప్పుడు డాక్టరును వెతుక్కుంటున్నారు. వరస తలకిందులైంది.

పై పెదవి మీద, చెంపల మీద సన్నటి నూగు ఉండటం జబ్బు కాదు. చాలా ఇళ్లలో అది అమ్మమ్మ నుంచి వచ్చిన ఆస్తే. పట్టించుకోవాల్సింది గడ్డం కింద, దవడ అంచున, రొమ్ముల మధ్య, బొడ్డు కింద నల్లగా, బిరుసుగా మొలిచేవాటిని. వైద్యులు ఒంటి మీద తొమ్మిది చోట్లు చూసి ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా మార్కులు వేస్తారు. 1961లో ఫెర్రిమన్, గాల్వే అనే పరిశోధకులు ఇచ్చిన కొలతకు తర్వాతి సవరణ ఇది. మామూలుగా అన్నీ కలిపి 8, ఆపైన వస్తే ఎక్కువున్నట్టు లెక్క. అంతకన్నా తక్కువే వచ్చినా నెలసరి తప్పుతుంటే పరీక్షలు మానకూడదు.

ఎక్కువమందిలో కారణం పీసీఓఎస్ (పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్), అందరూ పీసీఓడీ అనేదే. పేరులో అండాశయం ఉన్నా, చాలామందిలో తీగ లాగితే డొంక ఇన్సులిన్ దగ్గర కదులుతుంది. ఇన్సులిన్ సరిగా పని చేయనప్పుడు క్లోమం దాన్ని ఇంకా ఎక్కువ వదులుతుంది. అది అండాశయాల చేత మగ హార్మోనైన టెస్టోస్టెరాన్‌ను ఎక్కువ చేయించడమే కాక, కాలేయంలో ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్ తయారీని తగ్గిస్తుంది. టెస్టోస్టెరాన్‌ను పట్టి ఉంచేది ఆ ప్రొటీనే. అది తగ్గాక విడిగా తిరిగే హార్మోను వెంట్రుక కుదుళ్ల మీద పడి నూగును ముదరబెడుతుంది. అందుకే రిపోర్టులో మొత్తం టెస్టోస్టెరాన్ మామూలుగానే ఉండి, గడ్డం మాత్రం పెరుగుతూ పోవచ్చు. ఎస్‌హెచ్‌బీజీ కూడా రాయించుకుంటే అసలు సంగతి బయటపడుతుంది. మెడ వెనక మాసినట్టుండే నలుపూ చాలాసార్లు ఈ ఇన్సులిన్ పనే. సున్నిపిండితో ఎంత రుద్దినా పోదు.

రక్తం ఎప్పుడు ఇస్తున్నామన్నది ఇక్కడ చాలా ముఖ్యం. బహిష్టు మొదలైన రెండో రోజు నుంచి ఐదో రోజు లోపు, ఉదయం ఎనిమిది ప్రాంతంలో ఇవ్వాలి. మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథిలో పుట్టుకతో ఉండే లోపాన్ని పట్టించే 17-ఓహెచ్‌పీ పరీక్షకు ఈ వేళ మరీ అవసరం. గర్భనిరోధక మాత్రలు వాడుతూ చేయించిన హార్మోన్ రిపోర్టును నమ్మడానికి లేదు. ఇంకొకటి దాదాపు ఎవరూ అడగరు: బయోటిన్ అనే విటమిన్. తల మీద జుట్టు రాలుతోందని 5, 10 మిల్లీగ్రాముల బయోటిన్ మాత్రలు మింగుతూనే ల్యాబుకు వెళ్తారు. చాలా మెషీన్ల పద్ధతిలో బయోటిన్ కూడా భాగం కనుక, రక్తంలో అది ఎక్కువుంటే టెస్టోస్టెరాన్ లేనిపోని ఎత్తున, థైరాయిడ్ పరీక్షలో చూసే టీఎస్‌హెచ్ లేనిపోని తక్కువగా రావచ్చు. రెండు మూడు రోజుల ముందే ఆపితే చాలు.

కొన్ని నెలల్లోనే గడ్డం విపరీతంగా పెరిగి, గొంతు బొంగురుపోయి, నడినెత్తి పలచబడితే అది పీసీఓఎస్ లెక్కలోకి రాదు. టెస్టోస్టెరాన్ డెసిలీటరుకు 150–200 నానోగ్రాములు దాటితే అండాశయాల్లో, అడ్రినల్‌లో గడ్డ ఉందేమో స్కాన్ చేయించాలి, అదీ ఆ వారంలోనే.

మందుల్లో మొదటిది సాధారణంగా ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్ర. అది ఎస్‌హెచ్‌బీజీని పెంచుతుంది. బీపీ ఉన్నవాళ్లు, కళ్ల ముందు మెరుపులు కనిపించే మైగ్రేన్ ఉన్నవాళ్లు, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు దాన్ని మెడికల్ షాపులో అడిగి కొనుక్కోకూడదు. ఆరు నెలలకూ సరిపోకపోతే మగ హార్మోను పనిని అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ కలుపుతారు, రోజుకు 50 మి.గ్రా.తో మొదలుపెట్టి 100–200 దాకా. అది వాడేటప్పుడు గర్భం రాకూడదు, మగ శిశువు జననాంగాల ఎదుగుదల దెబ్బతినే ప్రమాదం ఉంది. మెట్‌ఫార్మిన్ షుగరుకు, నెలసరికి మేలు చేస్తుంది గానీ గడ్డం మీద పెద్దగా పని చేయదు.

ఇక లేజర్. అది వెంట్రుకలోని నలుపును పట్టుకుని, ఆ వేడితో కుదురును కాలుస్తుంది. మన చర్మంలోనూ నలుపు ఉంది కదా, దాన్నీ పట్టుకుంటుంది. అందుకే చామనఛాయకు లోతుగా దిగే 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ రకం లేజర్ భద్రం. ఏ యంత్రమో అడగండి, చెప్పలేకపోతే లేచి వచ్చేయండి. ఎదుగుదల దశలో ఉన్న కుదుళ్లే చస్తాయి కనుక 4–6 వారాలకొకటి చొప్పున ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు పడతాయి. ముందు నాలుగు వారాలు త్రెడింగ్, వాక్సింగ్ ఆపాలి. వేరుతో పీకేస్తే కాల్చడానికి లోపల ఏమీ మిగలదు. ముందు రోజు రేజరుతో గీసుకుంటే చాలు. గీస్తే ముదురుతాయన్నది ఉత్త భయం, మొన తెగి మొద్దుగా తగులుతుందంతే. తెల్లవెంట్రుకకు లేజర్ పని చేయదు, సూదితో చేసే ఎలక్ట్రాలిసిస్ ఒక్కటే దారి.

'ఫుల్ ఫేస్' పేరిట చెంపల నూగు మీద కూడా లేజర్ తిప్పడం అన్నిటికన్నా అన్యాయం. చాలీచాలని వేడి తగిలితే నూగు చావకపోగా ముదురుతుంది. దవడ, మెడ అంచుల్లో, మనలాంటి ఛాయ ఉన్న ఆడవాళ్లలో ఇది తెలిసిన ఇబ్బందే. త్రెడింగ్‌తో నల్లబడ్డ గడ్డానికి బీటామెథసోన్, క్లోబెటసోల్ కలిసిన 'ఫెయిర్‌నెస్' క్రీములు రాయడమూ అంతే. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఆ స్టెరాయిడ్ వల్లే అక్కడ కొత్త వెంట్రుకలు వస్తాయి.

మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకునేది కూడా 'శాశ్వత తగ్గింపు' అన్న మాటనే, 'నిర్మూలన' కాదు. ప్రకటనల్లో కనీసం ఆ మాటైనా మార్పించగలరా? మరో మాట, పెళ్లిళ్ల సీజను పేజీలో వేస్తే బాగుంటుంది: మందులకైనా లేజర్‌కైనా ఆరు నెలలు పడుతుంది. శ్రావణంలో ముహూర్తం పెట్టుకున్నవాళ్లు మాఘంలోనే రక్తపరీక్షకు వెళ్లాలి.

ఇట్లు,
చర్మ, హార్మోన్ వైద్యులం
బెంగళూరు