గృహరుణం కాదంటే ముందు కారణం అడగండి

సంపాదకులకు నమస్కారం.

గృహరుణం దరఖాస్తు తిరిగొచ్చిందంటే మనవాళ్లు చేసే మొదటి పని మర్నాడే ఇంకో బ్యాంకు మెట్లెక్కడం. అక్కడా కాదంటే మూడోది. దీనివల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. ఇచ్చిన ప్రతి దరఖాస్తుకీ ఆ బ్యాంకు మన అప్పుల చరిత్ర చెప్పే సిబిల్ రిపోర్టు తీస్తుంది. తీసిన సంగతి రిపోర్టులో ఎంక్వయిరీగా నమోదవుతుంది. రెండు నెలల్లో అయిదు ఎంక్వయిరీలుండి ఒక్క రుణమూ మంజూరు కాలేదని కనిపిస్తే ఆరో బ్యాంకు అధికారికి ఫైలు చూడకముందే అనుమానం మొదలవుతుంది. ఎందుకు కాదన్నారో తేలేదాకా ఇంకో చోట సంతకం పెట్టకపోవడమే మంచిది.

కారణం చెప్పడం బ్యాంకు చేసే మెహర్బానీ కాదు. రుణం ఎంతదైనా సరే, తిరస్కరిస్తే ముఖ్య కారణాలను రాతపూర్వకంగా తెలపాలని రిజర్వు బ్యాంకు 2007 మార్చిలోనే బ్యాంకులను ఆదేశించింది. ‘మీ ప్రొఫైల్ సరిపోలేదండీ’ అన్న నోటిమాటతో వెనక్కి రాకండి. దరఖాస్తు నంబరు, తేదీ వేసి మేనేజరు పేర అర్జీ ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఈమెయిల్ పంపినా సరిపోతుంది.

లోపం మీ పాత అప్పుల్లో ఉందా, ఆదాయంలో ఉందా, కొనబోయే ఆస్తిలో ఉందా అన్నది ముందు తేలాలి. ఆస్తి కాగితాల్లో తేడా ఉంటే సిబిల్ స్కోరు 800 ఉన్నా ప్రయోజనం లేదు. స్కోరే సమస్యయితే ఇల్లు మార్చి లాభం లేదు.

పాత అప్పుల సంగతి తేల్చుకోవడానికి ఖర్చేమీ లేదు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని మన దేశంలో అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థలు నాలుగున్నాయి. ఒక్కొక్కటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ తెప్పించుకోండి, ఒకదాంట్లో లేనిది ఇంకోదాంట్లో బయటపడుతుంది. స్కోరు అంకె చూసి పక్కన పెట్టేయకుండా ఖాతాల పట్టికను వరసగా చదవండి. ఎప్పుడో తీర్చేసిన లోను ఇంకా బాకీ ఉన్నట్టే ఉండటం, పాన్ నంబరు కలగలిసి వేరొకరి అప్పు మీ పేర పడటం, బావమరిదికి హామీ సంతకం పెడితే ఆయన కట్టని వాయిదాలు మీ లెక్కలోకి రావడం, ఇవన్నీ అక్కడే దొరుకుతాయి. రుణమాఫీ వస్తుందని రెన్యువల్ చేయకుండా వదిలేసిన పంటరుణం కూడా అక్కడే దొరుకుతుంది. ఊళ్లో బ్యాంకే కదా, పాతిక వేలే కదా అనుకుంటారు. పట్నంలో ఇల్లు కొనేటప్పుడు అదే అడ్డం పడుతుంది.

తప్పుగా నమోదైతే ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా అభ్యంతరం నమోదు చేయవచ్చు. 30 రోజుల్లో పరిష్కరించాలి. ఆ గడువు దాటితే రోజుకు ₹100 చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అయితే అప్పు వివరాలను సిబిల్ తనంతట తాను మార్చదు, అప్పిచ్చిన సంస్థ ఒప్పుకోవాలి. అందుకే అదే ఫిర్యాదును అప్పిచ్చినవారికీ పంపండి. డబ్బు తీసుకుని స్కోరు పెంచుతామనే ఏజెంట్ల చేతిలో ఏమీ లేదు.

నిజంగానే బకాయి పడి ఉంటే దారి వేరు. క్రెడిట్ కార్డు మీద లక్షా ఇరవై వేల బాకీని డెబ్బై వేలకు మాట్లాడుకుని కట్టేస్తే మనకు పీడా విరగడైనట్టే ఉంటుంది. రిపోర్టులో మాత్రం ‘సెటిల్డ్’ అని పడుతుంది. ఇక రాదని బ్యాంకు వదులుకున్న బాకీకి వేసే ‘రిటెన్ ఆఫ్’ అన్న మాట తర్వాత గృహరుణ అధికారి జంకేది ఈ మాట చూసే. తగ్గించిన యాభై వేలనూ కట్టేసి, బాకీ ఏమీ లేదన్న నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, ఖాతాను ‘క్లోజ్డ్’గా నమోదు చేయమని రాతపూర్వకంగా అడగండి. అయినా ఆలస్యంగా కట్టిన నెలలు 36 నెలల చరిత్రలో కనిపిస్తూనే ఉంటాయి, వాటిని చెరిపేవారు లేరు. కొన్ని నెలలు ఒక్క వాయిదా కూడా తప్పకుండా కట్టాకే మళ్లీ దరఖాస్తు చేయండి. అసలు అప్పే చేయనివారి సంగతి వేరు. రుణ చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి వచ్చినవారిని తిరస్కరించవద్దని రిజర్వు బ్యాంకే చెప్పింది, ఆ మాటను అర్జీలో రాయండి.

ఆదాయం చాలదన్నారంటే కాగితం, పెన్ను తీసుకుని కూర్చోండి. చేతికొచ్చే జీతంలో అన్ని వాయిదాలూ కలిపి సుమారు సగం దాటకూడదని చాలా బ్యాంకుల లెక్క. జీతం ₹50,000 అయితే వాయిదాలకు ₹25,000. వడ్డీ 9 శాతం, గడువు 20 ఏళ్లయితే లక్షకు నెలకు దాదాపు ₹900 కట్టాలి, అంటే ₹27 లక్షల పైచిలుకు రుణం వస్తుంది. ఇప్పటికే కారుకు నెలకు ₹9,000 కడుతుంటే మిగిలేది ₹16,000. రుణం ₹17 లక్షల చిల్లరకు పడిపోతుంది. కారు లోను ఇంకో లక్షన్నరే మిగిలి ఉంటే, చేతిలో ఉన్న డబ్బును ఇంటి అడ్వాన్సులో పోసే బదులు అది తీర్చేయడం లాభం. భార్యాభర్తలిద్దరికీ ఆదాయముంటే ఇద్దరూ కలిసి దరఖాస్తు చేయాలి. కానీ ఇద్దరి సిబిల్ కూడా చూస్తారని మరవకండి.

వ్యాపారులు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. లోను కోసమని రెండు మూడేళ్ల ఐటీ రిటర్నులు ఒకేసారి వేస్తారు. బ్యాంకు ఆదాయం అంకెతో పాటు రిటర్ను వేసిన తేదీ కూడా చూస్తుంది. ఖాతాలో చెక్కులు బౌన్సయిన ఆనవాళ్లుంటే సిబిల్ బాగున్నా ఫైలు కదలదు.

ఆస్తి విషయంలో బ్యాంకు చెప్పే ‘లీగల్ రాలేదు’ (అంటే కాగితాలు చూసిన లాయరు ఒప్పుకోలేదు) అన్న మాట కొనేవారికి నిజానికి ఉపకారమే. ఆస్తి గతంలో చేతులు మారినప్పటి లింకు డాక్యుమెంటు ఒకటి లేకపోవడం, అనుమతి లేని లేఅవుట్, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఎ నిషేధిత జాబితాలో ఉన్న సర్వే నంబరు, అసైన్డ్ భూమి, ప్లానుకు మించి వేసిన అంతస్తు... వీటిలో సరిదిద్దలేనిది ఏది ఉన్నా, అప్పు పుట్టినా కొనకపోవడమే క్షేమం. వేరే చోట ప్రయత్నించే ముందు లాయరు అభిప్రాయంలో ఏ కాగితం అడిగారో కనుక్కోండి. లోపం లింకు డాక్యుమెంటుదే అయితే చాలాసార్లు పాత దస్తావేజు సర్టిఫైడ్ కాపీ తెస్తే సరిపోతుంది.

ధర తగ్గించి రాయించడం మరో చిక్కు. ఒప్పందంలో రాసిన ధర, బ్యాంకు తరఫున ఆస్తికి వెల కట్టే వాల్యూయర్ వేసిన విలువ, ఈ రెండింట్లో తక్కువదాన్నే బ్యాంకు లెక్కలోకి తీసుకుంటుంది. రిజర్వు బ్యాంకు పరిమితి ₹30 లక్షల వరకు రుణానికి విలువలో 90 శాతం, ₹75 లక్షల వరకు 80, ఆపైన 75. ₹50 లక్షల ఇంటికి ₹40 లక్షలు రావలసిన చోట, ఒప్పందంలో ₹35 లక్షలే రాస్తే ₹30 లక్షలు దాటవు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు సాధారణంగా ఇందులో చేరవు, చేతి నుంచి పెట్టుకోవాల్సిందే.

ఇవన్నీ సరిచేసుకున్నా బ్యాంకు కాదంటే హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలున్నాయి. జీతం స్లిప్పు లేని చిరు వ్యాపారికి కూడా దుకాణం చూసి, ఖాతా చూసి ఇచ్చేవి వీటిలో ఉన్నాయి. వడ్డీ మాత్రం ఎక్కువ. ₹25 లక్షలకు 20 ఏళ్ల గడువు మీద 9 శాతమైతే నెలకు దాదాపు ₹22,500, 12 శాతమైతే ₹27,500. నెలకు అయిదు వేల తేడా, మొత్తమ్మీద ₹12 లక్షలు. సంతకానికి ముందు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అడిగి తీసుకోండి. ఫీజులన్నీ కలిపిన అసలు వార్షిక ఖర్చు అందులో ఉంటుంది. ఎప్పటికప్పుడు మారే ఫ్లోటింగ్ వడ్డీకే ఒప్పుకోండి. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ గృహరుణాన్ని ముందుగా తీర్చేస్తే జరిమానా వేయకూడదు. ఏడాది, రెండేళ్లు వాయిదాలు తప్పకుండా కట్టి, అదే రుణాన్ని బ్యాంకుకు మార్చుకునే వీలు అలా మిగులుతుంది.

ఇంత చేసినా బ్యాంకు కారణం రాసివ్వకపోతే ముందు దాని ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు, రుసుము లేదు. సిబిల్ వంటి సంస్థలు కూడా 2022 సెప్టెంబరు నుంచి ఆ పరిధిలోకి వచ్చాయి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ మీదయితే నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు పంపాలి. ముద్ర వేయించుకున్న అర్జీ కాపీని ఫిర్యాదుతో పాటు జతచేయండి.

– గృహరుణాల విభాగంలో పనిచేసి రిటైరైన బ్యాంకు ఉద్యోగి