బరువు తగ్గించే ముందు కారణం వెతకాలి

సంపాదకులకు నమస్కారం.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లి దాకా బరువు తగ్గిస్తామనే ప్రకటనలు కొల్లలుగా కనిపిస్తున్నాయి. ఊబకాయానికి ఎక్కువమందిలో తిండి, వ్యాయామలోపమే కారణం కావచ్చు గానీ, జబ్బు వల్లనో, వాడే మందుల వల్లనో లావెక్కిన వారిని కూడా అదే గాటన కట్టి తిండిపోతులుగా చూడటం అన్యాయం, ప్రమాదకరం.

మా బంధువు ఒకావిడ కీళ్ల నొప్పులకు మందుల షాపులో డాక్టరు చీటీ లేకుండా ఇచ్చిన మాత్రలను నెలల తరబడి వాడారు. నొప్పి తగ్గింది గానీ ముఖం ఉబ్బి గుండ్రంగా అయింది, పొట్ట పెరిగింది, కాళ్లూ చేతులూ మాత్రం సన్నబడ్డాయి. బరువు తగ్గించే ఒక కేంద్రంవారు ప్యాకేజీ డబ్బు కట్టించుకున్నారే తప్ప, ఏ మందులు వాడుతున్నారని అడగనే లేదు. అవి స్టిరాయిడ్లని చివరికి ఒక ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల జబ్బుల వైద్యులు) గుర్తించారు. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ వంటివి ఎక్కువకాలం వాడితే వచ్చే ఈ స్థితిని కుషింగ్స్ సిండ్రోమ్ అంటారు. మెడ వెనుక కొవ్వు పెరగడం, పొట్టపై వెడల్పాటి ఊదారంగు చారలు, చిన్న దెబ్బకే చర్మం కమిలిపోవడం, కొత్తగా బీపీ, షుగర్ రావడం దీని గుర్తులు. అలాగని మాత్రలు ఒక్కసారిగా మానేస్తే మరీ ముప్పు, ఎందుకంటే అప్పటికే మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు ఒంటికి అవసరమైన కార్టిసాల్ అనే హార్మోన్‌ను సొంతంగా తయారు చేయడం తగ్గించి ఉంటాయి కనుక, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

మన ఇళ్లలో లావు అనగానే థైరాయిడ్ పేరే ముందు వినిపిస్తుంది. నిజానికి థైరాయిడ్ హార్మోన్ లోపంతో పెరిగే బరువు సాధారణంగా కొద్ది కిలోలే, అందులోనూ చాలావరకు ఒంట్లో నిలిచిపోయిన ఉప్పు, నీరు. అయినా నీరసం, మలబద్ధకం తోడై, చలికి తట్టుకోలేకపోతుంటే థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించుకోవాల్సిందే. నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు వస్తూ బరువు పెరిగే ఆడపిల్లలకు పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉందేమో డాక్టరుకు చూపించాలి గానీ, పెళ్లి సంబంధాల కోసం వారిని పస్తులుంచకూడదు. మానసిక వ్యాధులకు ఇచ్చే ఒలాంజపిన్, మూర్ఛకు ఇచ్చే వాల్ప్రోయేట్ కూడా బరువు పెంచుతాయి, ఆ సంగతి మొదటే చెప్పడం డాక్టర్ల బాధ్యత.

నిమ్స్, ఉస్మానియా ఆసుపత్రుల్లో ఎండోక్రైనాలజీ విభాగాలున్నా, అక్కడి దాకా వెళ్లాలన్న ఆలోచనే చాలామందికి రావడం లేదు. స్టిరాయిడ్లు చట్టప్రకారం చీటీ ఉంటేనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్ మందులు. ఔషధ నియంత్రణ అధికారులు నగరంలోని షాపుల్లో ఈ అమ్మకాలను తరచుగా తనిఖీ చేయాలనీ, బరువు తగ్గించే కేంద్రాలు డాక్టరు చేత పరీక్ష చేయించి, వాడుతున్న మందుల వివరాలు రాసుకున్నాకే ఎవరినైనా చేర్చుకునేలా ప్రభుత్వం నిబంధన విధించాలనీ కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్