మాంటెనెగ్రో ట్రిప్ అడుగుతున్నవాళ్లందరికీ, ఉన్నది ఉన్నట్టు

నమస్తే అండి. ఈమధ్య మా ట్రావెల్స్ ఆఫీసుకి వచ్చే ఫోన్లలో సగం యూరప్‌లో సముద్రం ఒడ్డున ఉన్న మాంటెనెగ్రో అనే దేశం గురించే. అందరూ పంపే ఫొటో కూడా ఒకటే, సముద్రంలో ఎర్ర పెంకుల ఇళ్లతో ఒక చిన్న దీవి, దాని పేరు స్వెతి స్తెఫాన్. "ఇక్కడికే వెళ్దాం, పిల్లల సెలవుల్లో, మనిషికి ఎంతవుద్ది" అని అడుగుతున్నారు. ఫోన్లో ఒకరికి ఒక ముక్క, ఇంకొకరికి ఇంకో ముక్క చెప్పేబదులు మొత్తం ఇక్కడే రాసేస్తున్నా, కొంచెం పొడుగే, తీరిగ్గా చదవండి.

ముందుగా ఆ దీవి సంగతి. అది మొత్తం హోటల్ ప్రాపర్టీ అండి, మనం పైన రోడ్డు మీద ఆగి ఫొటో దిగి రావడమే, అందుకే మా ప్లాన్‌లో దానికి అరగంటే. దానికోసమే అంత దూరం వెళ్తానంటే నేను టికెట్ బుక్ చేయను.

ఇక అసలు తలనొప్పి డేట్లతో. మనకి సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలై జూన్ 12కి బడులు తెరిచేస్తారు, వాళ్ల సమ్మరేమో జూన్ సగం అయితే గానీ మొదలవదు. మే నెలలో అక్కడ సముద్రం నీళ్లు 18 డిగ్రీల దగ్గరే ఉంటాయి, బాపట్ల సూర్యలంకలో గంటలకొద్దీ మునిగే పిల్లలు అక్కడ మోకాలి దాకా దిగి కెవ్వున అరిచి బయటికి వచ్చేస్తారు. పైన దుర్మితోర్ కొండల్లో ట్రెక్ దారులు ఇంకా మంచులోనే ఉంటాయి, అక్కడి జాబ్లియాక్ అనే ఊరి నుంచి సెడ్లో కనుమ మీదుగా వెళ్లే అందమైన రోడ్డు ఒక్కోసారి జూన్ వచ్చేదాకా తెరవరు. సరే జూలై, ఆగస్టుల్లో వెళ్దామంటే నీళ్లు 25 డిగ్రీలకి వస్తాయి, బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ మన పిల్లలకి అప్పటికి యూనిట్ టెస్టులు.

అందుకని ఈసారి మేం తీసుకున్న నిర్ణయం ఏంటంటే, ఇక్కడి ఫ్యామిలీలకి మే 25 నుంచి జూన్ 10 లోపు మాత్రమే ఇస్తున్నాం, అదికూడా "బీచ్ ట్రిప్" అని కాదు, కొండల ట్రిప్ అనే చెప్పి ఇస్తున్నాం. సముద్రంలో స్నానం దొరికితే బోనస్ అనుకోండి. స్కూలు పిల్లలు లేనివాళ్లు, రిటైరైనవాళ్లు, కొత్తగా పెళ్లైనవాళ్లు ఉంటే కళ్లు మూసుకుని సెప్టెంబర్ మొదటి రెండు వారాలు తీసుకోండి, నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి, రేట్లు దిగుతాయి, రష్ తగ్గుతుంది. జూలై 15 నుంచి ఆగస్టు 25 మధ్యలో మాత్రం బుకింగ్ తీసుకోవడం లేదు. యూకే, అమెరికా నుంచి అడుగుతున్న మనవాళ్లకి అవే సెలవులని తెలుసు, బిజినెస్ పోతుందనీ తెలుసు, అయినా వద్దు. ఆ నెలన్నర తీరం వెంబడి ఉన్న ఒక్క రోడ్డు మీద కార్లు కదలవు, బుద్వా అనే బీచ్ టౌన్‌లో తువ్వాలు పరుచుకునే జాగా ఉండదు, రాజధాని పోద్గోరిత్సాలో ఎండ 40 దాకా పోతుంది. ఎండ కోసమైతే విజయవాడ నుంచి అంత దూరం ఎందుకండి.

దేశం ఎంతుందో చెప్తే ప్లాన్ ఎందుకలా వేశామో అర్థమవుతుంది. మొత్తం కలిపి పదమూడు వేల ఎనిమిది వందల చదరపు కిలోమీటర్లు, అంటే పాత నెల్లూరు జిల్లా కంటే కాస్త పెద్దది, జనం ఆరు లక్షల చిల్లర. మ్యాప్ చూసి "చిన్నదే కదా, రోజుకో ఊరు తిరిగేద్దాం" అంటారు అందరూ, కానీ రోడ్లన్నీ కొండల్లో మెలికలు, వంద కిలోమీటర్లకి రెండున్నర గంటలు కూడా పట్టొచ్చు. తీరంలోని కోటోర్ ఊరి నుంచి లోవ్‌చెన్ కొండ వైపు ఎక్కే పాత రోడ్డులో వరసగా 25 హెయిర్‌పిన్ మలుపులు, పైకి వెళ్తున్నకొద్దీ అఖాతం మొత్తం కాళ్ల కింద పరుచుకుంటుంది, ఆ వ్యూ కోసం అవోమిన్ మాత్ర వేసుకునైనా ఎక్కాల్సిందే. పైన న్యేగుషి ఊళ్లో చీజ్ తినండి, ఆ ఊరు పొగ పెట్టిన పంది మాంసానికీ ఫేమస్, తినేవాళ్లు తింటారు. అందుకే బ్యాగులు సర్దే పని మూడుసార్లకి మించకుండా చూశాం: జాబ్లియాక్, తర్వాత కోటోర్ అఖాతం, చివర్లో స్కాదర్ సరస్సు దగ్గర వీర్‌పజార్.

జాబ్లియాక్ 1,450 మీటర్ల ఎత్తులో ఉంటుంది, మే చివర్లో కూడా రాత్రి స్వెట్టర్ కావాలి. బ్లాక్ లేక్ చుట్టూ నడిచే దారి మూడున్నర కిలోమీటర్లు, అమ్మమ్మ తాతయ్యలు కూడా నిదానంగా చుట్టేయొచ్చు. అక్కడికి దగ్గర్లోనే తారా లోయ, కొన్నిచోట్ల 1,300 మీటర్ల లోతు, దాని మీద ఐదు ఆర్చ్‌ల కాంక్రీట్ బ్రిడ్జి. 1940లో కట్టారు, 1942లో ఇటలీ సైన్యాన్ని ఆపడానికి అందులో ఒక ఆర్చ్‌ని పేల్చేశారు, ఆ పేల్చడంలో సాయపడింది ఎవరో కాదు, దాన్ని కట్టిన ఇంజనీర్లలో ఒకాయనే, లాజర్ యౌకోవిచ్. తర్వాత ఇటలీవాళ్లు పట్టుకుని ఆ బ్రిడ్జి మీదే కాల్చి చంపారు. అక్కడ జిప్‌లైన్ కోసం క్యూ కడతారు గానీ ఈ కథ చెప్పేవాళ్లు తక్కువ, మా డ్రైవర్‌కి మాత్రం చెప్పమని ముందే చెప్పి పెట్టా. రాఫ్టింగ్ సంగతి, మే నెలలో మంచు కరిగి నీళ్లు బాగా జోరుగా ఉంటాయి, చిన్న పిల్లలకి అప్పుడు వద్దు, నన్ను ఎంత అడిగినా బుక్ చేయను.

కిందికొచ్చాక ఉండేది బుద్వాలో కాదు. రాత్రి రెండింటి దాకా డీజే, ఫ్యామిలీలకి అవసరమా. కోటోర్ పక్కన దోబ్రోతాలోనో పెరాస్ట్‌లోనో నీళ్ల ఒడ్డునే అపార్ట్‌మెంట్లు దొరుకుతాయి, వంటగదితో సహా. కోటోర్ పాతూరికి మాత్రం పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెళ్లాలి, పగలంతా క్రూజ్ షిప్పుల జనమే. కోట మీదికి 1,350 మెట్లు, నీడ లేదు, ఏడింటికల్లా ఎక్కేయండి. ఇంకో మాట, బీచ్‌లు చాలావరకు గులకరాళ్లే, రబ్బరు చెప్పులు కొనుక్కోండి. పిల్లలు ఇసుకలో ఆడుకోవాలంటే దక్షిణం చివర ఉల్‌త్సిన్ దగ్గర పన్నెండు కిలోమీటర్ల పొడవైన ఇసుక తీరం ఉంది, చాలా దూరం లోతు ఉండదు. అక్కడ ముస్లిం జనాభా ఎక్కువ, హలాల్ కావాలన్న మన కస్టమర్లకి ఆ ఊరు ఈజీ. అడిగితే వీర్‌పజార్ బదులు అది పెడతాం.

వంటమనిషిని తీసుకెళ్తారా అని అడుగుతున్నారు. లేదండి. పెద్ద పెద్ద కంపెనీలు యాభై మంది బస్సుకి పెడతారు, మాది పద్నాలుగు మంది వ్యాన్, ఆ ఖర్చు మీ మీదే పడుతుంది. వెజ్ వాళ్లకి కచమాక్ అని మొక్కజొన్న పిండి, బంగాళాదుంప, చీజ్ కలిపి చేస్తారు, కడుపు నిండుతుంది, చీజ్ బురెక్ అని పొరల పఫ్ లాంటిది ప్రతి బేకరీలో ఉంటుంది. కానీ మూడో రోజుకి అన్నం కావాలనిపిస్తుంది, దాన్ని ఎవరూ ఆపలేరు, చిన్న రైస్ కుక్కర్, ఆవకాయ చెకిన్ బ్యాగులో పెట్టుకోండి. పక్క దేశం క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ మీదుగా దిగేవాళ్లు మాత్రం నెయ్యి తేవద్దు, అది యూరోపియన్ యూనియన్, పాల పదార్థాలు బయటినుంచి రానివ్వరు.

వీసా. మాంటెనెగ్రో షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల గ్రూపులో లేదు, కరెన్సీ మాత్రం యూరోనే. మన పాస్‌పోర్ట్‌కి వీసా కావాలి, కానీ చెల్లుబాటులో ఉన్న షెంగెన్, యూకే, అమెరికా వీసా ఉంటే 30 రోజుల దాకా విడిగా అక్కర్లేదు. అమెరికాలో పిల్లలున్న పేరెంట్స్ దగ్గర పదేళ్ల బీ1/బీ2 విజిటర్ వీసా ఎలాగూ ఉంటుంది కదా, వాళ్లకి ఇది బంగారం లాంటి దేశం. మాంటెనెగ్రో యూరోపియన్ యూనియన్‌లో చేరే పనిలో ఉంది కాబట్టి రూల్స్ మారొచ్చు, టికెట్ కొట్టే ముందు ప్రతిసారి మేమే చెక్ చేస్తాం. డుబ్రోవ్నిక్ కూడా చూడాలంటే క్రొయేషియా 2023 జనవరి నుంచి షెంగెన్, అక్కడినుంచి మాంటెనెగ్రో వెళ్లి మళ్లీ వెనక్కి రావాలంటే మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి, సింగిల్ ఎంట్రీతో వచ్చేవాళ్లకి ఆ రూట్ ఇవ్వం.

రేటు ఎందుకు పెరిగిందంటే యూరో వంద రూపాయలు దాటింది, దానికి తోడు 2025 జనవరి నుంచి అక్కడ బస మీద వ్యాట్ 7 నుంచి 15 శాతానికి పెంచారు. హోటల్ బిల్లు ఉన్నదున్నట్టు చూపిస్తాం, మా సర్వీస్ ఛార్జి పక్కన విడిగా ఉంటుంది, ఇష్టమైతే బేరమాడండి, పెద్దగా తగ్గించను. టీసీఎస్ అని విదేశీ టూర్ ప్యాకేజీ మీద పన్నుగా కట్టించుకునేది మా జేబులోకి రాదు, మీ పాన్ మీద జమవుతుంది, రిటర్న్ వేసేటప్పుడు క్లెయిమ్ చేసుకోండి.

మే బ్యాచ్‌కి షెంగెన్ కావాల్సినవాళ్లు ఇప్పుడే పేపర్లు ఇవ్వండి, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, ఏప్రిల్‌లో నిద్ర లేస్తే స్లాట్లు దొరకవు. అడ్వాన్స్ పంపేయకండి, ముందు డేట్లు, పిల్లల వయసులు, ఎవరికైనా మోకాళ్ల నొప్పులుంటే అది కూడా వాట్సాప్‌లో పెట్టండి. ఆదివారం మాత్రం ఫోన్ ఎత్తను.