ఓస్తియోనాల్‌కు బయల్దేరే ముందు

బరంపురం

చి॥ లలితకు నాన్న ఆశీస్సులు.

అక్కడ తాబేళ్ల లెక్కల వాలంటీరు పని గురించి నువ్వు పంపిన కాగితాలు చదివాను. కోస్టారికాలోని ఓస్తియోనాల్ తీరం మన ఒడిశాలోని రుషికుల్య నది మొగకు తోబుట్టువు లాంటిదే. అవే ఆలివ్ రిడ్లే తాబేళ్లు, ఒకే ఒడ్డుకు వేలకొద్దీ ఎక్కడం. దాన్ని స్పానిష్‌లో అరిబాడా, అంటే రాక, అంటారు. కాకపోతే మనకు ఫిబ్రవరి, మార్చిల్లో వస్తాయి, అక్కడ పెద్ద అరిబాడాలు వానల్లో, ఆగస్టు నుంచి నవంబరు దాకా. మన ఒడ్డు పోడంపేట ఇసుక మీద నడిచినట్టే ఉంటుందనుకోకు. బట్టలారవు, కాగితం నానుతుంది. నీళ్లకు తడవని నోటుబుక్కు, రెండు పెన్సిళ్లు తీసుకెళ్లు. పెన్ను వద్దు, తడి కాగితం మీద సిరా పాకుతుంది.

డబ్బు సంగతి. వాలంటీరంటే జీతం లేకపోవడమే కాదు, చాలాచోట్ల మనమే ఎదురు కట్టాలి. ఫీజులో తిండి, బస మామూలుగా ఉంటాయి. విమానం టికెట్టు, బీమా, వీసా ఖర్చు ఉండవు. కట్టేముందు మూడు సంగతులు రాతపూర్వకంగా అడుగు: పరిశోధన పర్మిట్ ఎవరి పేరున ఉంది, నువ్వు రాసిన లెక్కలు చివరికి ఎవరికి చేరతాయి, ఆ వీసా మీద వాలంటీరు పని చెయ్యనిస్తారా. పిల్ల తాబేళ్లను అరచేతిలో పెట్టి ఫొటోలు తీయించే చోటైతే అడగనే అక్కర్లేదు, మానెయ్.

ఇక రాత్రి పని. ముదురు రంగు బట్టలు, వేళ్లు కప్పే బూట్లు, ఎర్ర లైటు. తెల్ల లైటు పడితే ఒడ్డెక్కుతున్న తాబేలు వెనక్కి తిరిగిపోతుంది. ముందునుంచి వెళ్లకు, వెనకనుంచి వంగి వెళ్లు. గొయ్యి తవ్వుతున్నప్పుడు ముట్టుకోవద్దు. గుడ్లు పడటం మొదలయ్యాకే దగ్గరికి వెళ్లి కొలత తియ్యి. ముందు చిప్ప మీది ఇసుక, బార్నకిల్స్ (చిప్పకు అతుక్కుని పెరిగే చిన్న గుల్లజీవులు) చూసుకో, టేపు వాటి మీద ఎక్కితే కొలత పెరుగుతుంది. మెడ దగ్గర చిప్ప అంచు మధ్యనుంచి వెనక కొసదాకా, వంపు వెంట. గుడ్డ టేపు సాగుతుంది, ఫైబర్ టేపే వాడు. రెండుసార్లు కొలిచి, తేడా సెంటీమీటరు దాటితే మూడోసారి కొలువు. రిడ్లే 60–70 సెంటీమీటర్లుంటుంది. 90 వచ్చిందంటే టేపు తప్పు చదివావు, లేదా అది వేరే జాతి.

ట్యాగు, అంటే నంబరున్న చిన్న బిళ్ల, గుడ్లు పెట్టడం అయ్యాకే వెయ్యాలి. ముందు రెండు ముందు రెక్కలూ తడిమి, పాత ట్యాగుందా, ఊడిపోయిన మచ్చుందా చూడు. చూడకపోతే ఒకే తాబేలు రెండు పేర్లతో లెక్కల్లోకి ఎక్కుతుంది. పట్కారు లాంటి పనిముట్టుతో రెక్క వెనకంచున వేస్తారు. నొక్కేశాక సరిపోయిందనుకోకు, కొన అవతలికొచ్చి వంగిందో లేదో వేలితో తడుము. వంగకపోతే నాలుగు రోజుల్లో రాలిపోతుంది. మరీ బిగిస్తే కండ కుళ్లుతుంది, మరీ వదులుగా ఉంటే వలకు తగులుకుంటుంది, మన నోలియా జాలర్లకు తెలిసిన సంగతే. ఒకటి ఊడినా రెండోది మిగలాలని రెండు రెక్కలకూ వేసే చోట్లున్నాయి. తొందరగా కానివ్వాలి, రిడ్లే అప్పటికే గొయ్యి పూడ్చి, ఒళ్లు అటూ ఇటూ ఊపుతూ పొట్టచిప్పతో ఇసుకను దిమ్మిసతో కొట్టినట్టు ధబధబా కొడుతుంది. ఆ ఊపులో చెయ్యి పెడితే వేళ్లు నలుగుతాయి.

నంబరు ఒకరు చదవాలి, రాసేవాళ్లు పైకి తిరిగి చదవాలి. 2021లో ఒడిశాలో 03233 ట్యాగు వేసిన రిడ్లే 2025 జనవరిలో మహారాష్ట్రలో గుహాగర్ ఒడ్డున గుడ్లు పెట్టింది. తూర్పు తీరం తాబేలు పడమటి తీరంలో గుడ్లు పెట్టిందని తెలిసింది ఆ అయిదంకెల వల్లే. ఎవరైనా అందులో ఒక 3ను 8గా రాసి ఉంటే ఆ తాబేలు ఎవరిదో తేలేదే కాదు. అనుమానం ఉంటే ఖాళీ వదిలెయ్. ఖాళీని తరువాత పట్టుకోవచ్చు, తప్పు అంకెను పట్టుకోలేం.

గూటికి సుమారు 100–120 గుడ్లు. హేచరీకి, అంటే గుడ్లను కాపాడి పొదిగించే చోటికి, మార్చమంటే పెట్టిన కొద్ది గంటల్లోనే మార్చాలి. ఆ తరువాత పిండం పెంకు లోపలి పొరకు అంటుకుంటుంది, గుడ్డు అటూ ఇటూ తిప్పితే లోపలే చస్తుంది. దోమల మందు రాసుకున్న చేత్తో గుడ్డు ముట్టుకోకు, గ్లవ్స్ వేసుకో. కొత్త గొయ్యి పాతదాని లోతులోనే ఉండాలి. లోతు తగ్గితే వేడి మారుతుంది, వేడి పెరిగితే ఆడపిల్లలే ఎక్కువ పుడతాయి.

ఒక సంగతి నీకు మింగుడు పడదు. ఓస్తియోనాల్‌లో అరిబాడా మొదటి 36 గంటల్లో ఊరివాళ్లు గుడ్లు తవ్వి తీసుకోవచ్చు, అది అక్కడి చట్టం. మనకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. నువ్వు నోలియాల పిల్లవి, కోపం వస్తుంది. కానీ ముందు వచ్చినవాటి గుడ్లను వెనక వచ్చిన తాబేళ్లు ఎలాగూ తవ్వి పాడుచేస్తాయి, ఆ గుడ్లకే వాళ్లు ధర కట్టారు. మనకు గుడ్లకంటే ట్రాలర్ వలల బెడద ఎక్కువ. తాబేళ్లు వలలో చిక్కి, పైకి రాలేక, ఊపిరందక చస్తాయి, అందుకే నవంబరు నుంచి మే దాకా రుషికుల్య మొగ దగ్గర వేట ఆపుతారు. వెళ్లిన వారంలోనే వాదనకు దిగకు. ఎవరు తవ్వుతున్నారు, ఎవరు కాపలా కాస్తున్నారు, డబ్బు ఎవరికి పోతోంది, చూసి రాసుకో.

అక్కడ రాత్రి పది అంటే మనకు మర్నాడు ఉదయం తొమ్మిదిన్నర. నువ్వు ఒడ్డున ఉంటావు కాబట్టి ఆ వేళ మేం ఫోన్ చెయ్యం. రాత్రి గస్తీ ముగిశాక, నీకు ఉదయం ఆరు, మాకు సాయంత్రం ఐదున్నర, అప్పుడు నువ్వే చెయ్యి. ఫారాలు సరిచూశాకే.

మీ నాన్న