సంక్రాంతి వంటల బల్ల, పక్కన పెట్టిన డబ్బాలు

తల్లిదండ్రులకు నమస్కారం.

పండుగ సెలవులకు ముందు శనివారం మన బడిలో జరిగిన ఇంటి పిండివంటల ప్రదర్శన గురించి తరగతి గ్రూపుల్లో ఇంకా మాటలు నడుస్తున్నాయి. కొన్ని నాదాకా వచ్చాయి. కొందరు పిల్లల డబ్బాలను బల్ల మీద పెట్టనివ్వలేదన్నది నిజం. పదకొండు డబ్బాలను నేనే పక్కన పెట్టించాను. అవన్నీ మిఠాయి దుకాణంలో కొని, ఇంటి స్టీలు డబ్బాల్లో సర్ది పంపినవి. ఒకదాని అడుగున దుకాణం వాళ్ళ నూనె కాగితం అలాగే ఉంది.

కొనుక్కోవడం తప్పని నేను అనను. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళి, ట్రాఫిక్ దాటుకుని రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరే బెంగళూరు బతుకు నాకు తెలుసు. అయితే ఆ రోజు మూడో తరగతి పాపను తోటి పిల్లలు "అరిసెలకు బియ్యం ఎన్ని గంటలు నానబెట్టారు?" అని అడిగారు. పాప "మా అమ్మే చేసింది" అని నాలుగుసార్లు చెప్పి, ఐదోసారి ఏడ్చేసింది. ఎనిమిదేళ్ళ బిడ్డ చేత ఆ మాట చెప్పించవలసిన అవసరం ఏమొచ్చింది? పిల్లలందరి ఎదుట డబ్బా పక్కన పెట్టించడం నా పొరపాటు. ఆ తల్లికి ఫోను చేసి క్షమాపణ చెప్పుకున్నాను. ఇంట్లో చేసినవే బల్ల మీద పెట్టాలన్న నియమాన్ని మాత్రం మార్చను. వంట చేసే తీరిక లేకపోతే గుప్పెడు వేయించిన పల్లీలు, ఒక బెల్లం ముక్క పంపండి. దాన్ని బల్ల మధ్యలో పెడతాను.

ఇది మాటవరసకు అనడం లేదు. మన కన్నడ ఇరుగుపొరుగు వాళ్ళు సంక్రాంతికి ఇంటింటికీ పంచే ఎళ్ళు బెల్లం అదే కదా! వేయించిన నువ్వులు, పల్లీలు, పుట్నాలు, సన్నగా తరిగిన ఎండుకొబ్బరి, బెల్లం ముక్కలు. నూనె మూకుడు పెట్టరు, పాకం పట్టరు. తేలికైన పండుగ వంట అనగానే చప్పిడి తిండి గుర్తుకు తెచ్చుకుని ముఖం చిట్లించేవాళ్ళు మన పెద్దవాళ్ళ వంటిళ్ళను మరిచిపోయారు. వినాయకుడికి ఆవిరి మీద ఉడికించిన కుడుములు, ఉండ్రాళ్ళు. భోగినాడు రాయలసీమ ఇళ్ళలో నువ్వులద్దిన సజ్జ రొట్టెలు. పెసరపప్పు వేసి వండిన పులగం. ఈ చలికాలం మన వీధి బండ్ల మీద గుట్టలుగా పోసే అనపకాయలను (ఇక్కడివాళ్ళ అవరెకాయలను) ఒలిచి, గింజలను నానబెట్టి, పొట్టు పితికి చేసే చిత్తూరు వైపు పితికిపప్పు. వీటిని ఎవరూ కొత్తగా కనిపెట్టనక్కరలేదు. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చేస్తే చాలు. పితికిపప్పుకు నలుగురు కూర్చుని ఒలవాలి, నలుగురూ మాట్లాడుకోవాలి. ఆ గంటసేపు ఏ ఫోనూ మోగకపోతే మీ బిడ్డ మీకు ఎన్ని సంగతులు చెబుతుందో చూడండి. నేను ఇంత పట్టుబట్టేది ఆ గంట కోసమే.

ఒక్క విషయంలో జాగ్రత్త. "చక్కెర వేయలేదు మేడమ్, బెల్లమే" అని చాలామంది గర్వంగా చెప్పారు. బెల్లమూ చక్కెరే. రోజు మొత్తంలో మనకు అందే శక్తిలో ఇలా కలిపే తీపి వాటా 10 శాతం దాటకూడదని, 5 శాతం లోపు ఉంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. 2025 మే నెలలో సీబీఎస్‌ఈ బడుల్లో, ఏ తిండిలో ఎంత చక్కెర ఉందో చూపే చక్కెర బోర్డులు పెట్టమన్నది కూడా పిల్లలకు ఈ లెక్క తెలియాలనే.

ఆ లెక్క పట్టుకున్న పిల్లలు మనకున్నారు. ఆరో తరగతి అన్నాచెల్లెళ్ళు గోధుమపిండితో బొబ్బట్లు చేశారు. గ్లాసు శనగపప్పుకు గ్లాసు బెల్లం పోసే చోట ముప్పావు గ్లాసే వేసి, యాలకులు, కొబ్బరి కాస్త పెంచారు. నేను రెండు తిన్నాను. ఎనిమిదో తరగతి అమ్మాయి గారెల పిండిని గుంతపొంగణాల పెనంలో, గుంతకు నాలుగు చుక్కల నూనెతో కాల్చింది. "ఉత్తగా తింటే గారె అంత కరకరలాడదు మేడమ్, పెరుగులో వేస్తే తేడా తెలియదు" అని తనే చెప్పింది. ఆ నిజాయితీకి నా కళ్ళు చెమర్చాయి. ఏడో తరగతి అబ్బాయి వాళ్ళ నాయనమ్మ దగ్గర అరిసెలు నేర్చుకుని వచ్చాడు. తడి పిండి ఎందుకు ఆరకూడదో, నీళ్ళలో వేసిన పాకం చేతికి ఉండ కట్టడమంటే ఏమిటో, అరిసెల చెక్కల మధ్య ఎంత గట్టిగా నొక్కితే ఎంత నూనె కారుతుందో గిన్నెలో పట్టి మరీ చూపించాడు. అరిసెను అరిసెలాగే చేసి, చిన్నదిగా ఒత్తి, ఒకటే తినాలన్నాడు. నా అభిప్రాయమూ అదే. ఒవెన్‌లో కాల్చిన అరిసెలు తెచ్చిన కుటుంబం శ్రమను గౌరవిస్తాను. కానీ తిన్నప్పుడు అది బిస్కెట్టే అనిపించింది.

ఇక రోజూ వచ్చే డబ్బాల సంగతి. మధ్యాహ్నం పన్నెండున్నరకు గేటు దగ్గర ఆహారం తెచ్చే బైకులు వరుస కడుతున్నాయి. దయచేసి ఆపండి. కాపలాదారు పిల్లలను చూసుకోవాలా, పొట్లాలు అందుకోవాలా? పండుగ మరునాడు మిగిలిన జంతికలతో డబ్బా నింపి పంపడం, ఒకే నూనెను రోజుల తరబడి మళ్ళీ మళ్ళీ కాచడం కూడా వద్దు. మీరంతా పిల్లల మేలు కోరేవాళ్ళేనని నాకు తెలుసు. అందుకే ఇది మూడోసారి రాస్తున్నాను.

మిగతావి: గణతంత్ర దినోత్సవానికి పిల్లలు ఉదయం ఏడున్నరకల్లా తెల్ల యూనిఫారంలో రావాలి, మూడో విడత ఫీజుకు నెలాఖరు గడువు, పదో తరగతి సన్నాహక పరీక్షల పట్టిక డైరీలో అంటించాం, బస్సు మార్గం మారినవారికి విడిగా కబురు పంపుతాం.

ఉగాది పచ్చడి ఈసారి బడిలోనే కలుపుతాం. ఐదో తరగతి నుంచి పైవాళ్ళు మామిడికాయలు తరుగుతారు, చిన్నవాళ్ళు చింతపండు పిసుకుతారు. మీ వీధిలో వేపచెట్టు పూతకు వస్తే తరగతి ఉపాధ్యాయురాలికి చెప్పండి. పువ్వు కోయడానికి పిల్లలతో నేనే వస్తాను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు